ఎడమ వాటా, కుడి వాటా

ఆ రోజు పొద్దున ఏడింటికి టేపక్క ఒక ఖాళీ వాటాలో, తూర్పు కిటికీ కింద, నేలమీద చతికిలబడి పేపరు చదువుతోంది. లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి కాదు. తన తోడికోడలు అబద్ధం రాసిందని తేల్చడానికి.

తోడికోడలు రాసిన కార్డులో ఇలా ఉంది: "హాల్లో కిటికీ తూర్పుకి ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకుంటే ఆఫీసు వేళ దాకా దీపం లేకుండా సన్నక్షరాలు చదువుకోవచ్చు."

సన్నక్షరాలట. అందుకని టేపక్క పెద్ద వార్తలు వదిలేసి, పేపర్లో అన్నిటికన్నా చిన్న అచ్చు ఎక్కడుందో వెతికింది. వస్తువులు పోయిన ప్రకటనలు చదివింది. పేర్లు మార్చుకున్నవాళ్ల ప్రకటనలు చదివింది. ఆఫీసు వేళకి, ఆఖరి పేజీ అడుగున చీమలబారులా ఉండే ముద్రాపకుడి చిరునామా కూడా చదివింది. ఒక్క అక్షరం తప్పిపోలేదు. ఇంకాసేపు కూర్చుంది, మబ్బైనా పడుతుందేమోనని. మబ్బు పడలేదు.

లేచి చీర దులుపుకుంది. అది అబద్ధమై ఉంటే ఆమెకి ఆ పూట కడుపు నిండిపోయేది.

టేపక్క ఇళ్లు అద్దెకిప్పించే ఆఫీసులో ప్రకటనలు రాస్తుంది. ఆ ఆఫీసుకి వీధివైపు పెద్ద అద్దం, అద్దం వెనక వరసగా కార్డులు. ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు, ఒక్కో కార్డు మీద ఆరు వాక్యాలు. ఏడో వాక్యానికి చోటుండదు. పేపరుకి వెళ్లేదీ, ఫోన్లలో కనిపించేదీ కూడా ఆ ఆరే. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచి ఆ ఆరు వాక్యాలూ ఆవిడే రాస్తోంది. సంచీలో ఎప్పుడూ ఇనుప టేపు ఉంటుంది గనక ఆఫీసులో అందరూ టేపక్క అంటారు. "నన్ను కూడా కొలిచే చేసుకుంది, రెండంగుళాలు తక్కువొచ్చినా సర్దుకుపోయింది" అని ఆమె భర్త చుట్టాల దగ్గర చెప్పి నవ్విస్తుంటాడు. ఆ మాట అబద్ధమని ఆమె ఎప్పుడూ అనలేదు.

ఆమె రాతకి కొన్ని పట్టింపులున్నాయి. 'విశాలమైన' అని రాయదు. ఎన్ని అడుగులో రాస్తుంది. 'బస్టాపుకి కూతవేటు దూరం' అని ఎవరైనా రాసుకొస్తే, "ఎవరి కూత? నీదా, నాదా?" అని అడిగి, తనే నడిచి వెళ్లి నిమిషాలు వేస్తుంది. 'సకల సౌకర్యాలు' అన్నవాడిచేత ఆ సకలం ఏమిటో ఒక్కొక్కటే చెప్పిస్తుంది. అన్నిటికన్నా పెద్ద పట్టింపు వేరే ఉంది. కార్డు మీద ఇల్లే ఉండాలి, మనుషులు ఉండకూడదు. ఫలానావాళ్లకే ఇస్తాం, ఫలానావాళ్లు వద్దు అని ఇంటివాళ్లు రాయించబోతే ఆమె కలం మూసేసేది. "మీకెవరు కావాలో మీ నోటితో మీరు చెప్పుకోండి. గోడకైతే కొలతుంది గానీ మనిషికేం కొలత రాయమంటారు?" అనేది. అలిగి వెళ్లిపోయినవాళ్లు కూడా ఖాళీగా ఉన్న ఇంటికి తాళం తీసి తాళం వేసి విసుగొచ్చాక మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

ఇంత పేరున్న మనిషి కొరివితో తల గోక్కుంది. చిన్నకోడల్ని తనే ఆఫీసులో పెట్టించింది.

మరిదికి పెళ్లయి, ఆ అమ్మాయి ఇంట్లో ఊరికే కూర్చుంటే, పెద్దకోడలిగా జాలిపడి, ఫోన్లు ఎత్తే పనికి తీసుకెళ్లింది. ఒకసారి టేపక్క జ్వరంతో పడుకుంటే, పని ఆగకూడదని ఒక కార్డు ఆ అమ్మాయి రాసింది. మేడ మీద ఒంటిగది అది. టేపక్క అయితే 'పది బై పది, పైకప్పు రేకు' అని రాసేది. చిన్నది ఆ మాటా రాసింది, దానికింద ఇంకోటి చేర్చింది: "వాన పడితే రేకు మీద చప్పుడు బాగా వినిపిస్తుంది, నిద్ర పలచగా పట్టేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి." ఆ గది సాయంత్రానికి పోయింది. వాన చప్పుడు ఇష్టపడేవాడు ఒకడు పరిగెత్తుకొచ్చి తీసుకున్నాడు. జ్వరం తగ్గి వచ్చిన టేపక్కకి ఆఫీసులో అందరూ ఆ కథ చెప్పారు, ఒకరి తరవాత ఒకరు, ఆమె వినలేదేమోనన్నట్టు. ఏకై వచ్చింది మేకై కూర్చుందని ఆమెకి ఆ రోజే అర్థమైంది.

అప్పటినుంచి ఆ పిల్ల ఏం చేసినా టేపక్కకి కంట్లో నలుసే. కార్డు రాసేటప్పుడు కలం చివర బుగ్గకి ఆనించుకోవడం నలుసు. "అక్కా, ఇది చూస్తారా" అని అడగడం నలుసు. అడగకపోతే అది ఇంకా పెద్ద నలుసు. ఇంట్లో ఇద్దరూ ఒకే వంటగది, ఒకే పెరడు, ఒకే అత్తగారు. అత్తగారి నోరు మంచిది కాదు గానీ న్యాయంగా ఇద్దరినీ అంటుంది.

"ఊళ్లోవాళ్ల ఇళ్ల గురించి పొద్దస్తమానం రాస్తారు ఇద్దరు కోడళ్లూ. మన వసారాలో బల్బు మాడి ఎన్నాళ్లయిందో ఒక కార్డు మీద రాయండమ్మా. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత."

"రేపు మారుస్తాను అత్తయ్యా" అనేది చిన్నది.

మార్చేది కూడా. అదో నలుసు.

ఇలా ఉండగా కొత్త బిల్డింగు వచ్చింది. అన్నీ అద్దె వాటాలే. కట్టినాయన మొత్తం బిల్డింగు రాత ఒక్క చేతి మీదుగా పోవాలన్నాడు, కార్డు చూడగానే ఆ బిల్డింగుదని తెలియాలట. ఆఫీసు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన నాన్చే మనిషి కాదు. ఇద్దరినీ పిలిచి, మూడో అంతస్తులో ఎదురెదురుగా ఉన్న రెండు వాటాల తాళాలు బల్లమీద పెట్టాడు.

"ఎడమది మీది, కుడిది ఆవిడది. ఎవరి వాటా ముందు పోతే బిల్డింగు రాత వాళ్లది. రెండోవాళ్లు ఇళ్లు చూపించే పనికి మారాలి. ఆఫీసులో ఇద్దరు రాసేవాళ్లని నేను పోషించలేను."

అంటే ఓడితే కలం పోయినట్టే. తాళంచెవుల గుత్తి పట్టుకుని, తోడికోడలు రాసింది చూసి వచ్చేవాళ్లకి తలుపులు తియ్యాలి. టేపక్క ఆ గుత్తిని ఊహించుకుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. ఈ తోడికోడలు నవ్వదు కూడా. "అక్కా, గుత్తి బరువుగా ఉందా" అని అడుగుతుంది. అది ఇంకా కష్టం.

ఎడమ వాటాకి టేపక్క ఎప్పటిలాగే రాసింది. హాలు పద్నాలుగడుగులు, పన్నెండడుగులు. పడకగదులు రెండు, కొలతలు ఫలానా. వంటగదిని ఆనుకుని అద్దాలతో మూసిన వరండా, పదిహేనడుగుల పొడవు, ఉత్తరం వెలుగు. నీళ్లు రోజంతా. లిఫ్టు ఉంది. బస్టాపుకి ఆరు నిమిషాల నడక. ఆరు వాక్యాలు, ఆరు నిజాలు.

కుడి వాటాకి చిన్నది ఆ ఎండ సంగతి రాసింది. ఇంకా ఇలా రాసింది: "పడకగది చిన్నది, మంచం వేశాక ఒక్క పక్కనే నడిచే చోటు మిగులుతుంది. వెనకవీధిలో బేకరీ ఉంది. తెల్లారకుండానే ఆ వాసన వంటింట్లోకి వస్తుంది."

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. కార్డు అద్దంలో పెట్టేముందు, రాసినవాళ్లు కాక ఇంకొకరు గుమ్మం దగ్గర నిలబడి, దారినపోయేవాళ్లకి చదివి వినిపిస్తున్నట్టు గట్టిగా చదవాలి. ఏ మాట దగ్గరైనా నోరు తడబడితే, మనసుకి తప్పనిపిస్తే, అక్కడే ఆపేసే హక్కు చదివేవాళ్లది. ఆపిన కార్డు మళ్లీ రాయాల్సిందే, పెద్దాయన రాసినా సరే. చిన్నదాని కార్డు టేపక్కే చదివింది. ఎక్కడైనా ఆపుదామని చదివింది. మంచం దగ్గర ఆపుదామనుకుంది, అది నిజం. బేకరీ దగ్గర ఆపుదామనుకుంది, సరిగ్గా అప్పుడే లెక్కల గుమాస్తా "ఆకలేస్తోంది" అన్నాడు, అందరూ నవ్వారు. కార్డు అద్దంలోకి వెళ్లిపోయింది.

ఇక మిగిలింది ఆ ఎండ ఒక్కటే. అందుకే ఆ పొద్దున నేలమీద కూర్చుని పేపరు చదవాల్సి వచ్చింది. ఎండ కూడా చిన్నకోడలి పక్షమే.

ఆఫీసుకి వచ్చేసరికి చిన్నది ఫోన్లో ఉంది. "అవునండీ, సన్నక్షరాలే... లేదండీ, మధ్యాహ్నం రాదు, మధ్యాహ్నం మామూలు వెలుతురే." టేపక్క ఫోను మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కదలకుండా కూర్చుని ఉంది. ఎడమ వాటా గురించి అప్పటికి అడిగింది ఇద్దరే. ఇద్దరూ అడిగింది లిఫ్టు పనిచేస్తుందా అని.

మధ్యాహ్నం అందరూ తినడానికి లేచినప్పుడు ఆమె తన కార్డు అద్దంలోంచి తీసుకుని బల్లమీద పెట్టుకుంది. ఏం రాస్తే జనం కదులుతారో ఆమెకి తెలియక కాదు. ఎలకలమందు ఎక్కడ దొరుకుతుందో వంటమనిషికి తెలిసినట్టు తెలుసు. 'మీలాంటివాళ్లకి' అని రాస్తే ప్రతివాడూ తన గురించే అనుకుంటాడు. 'అందరికీ కాదు' అని ధ్వనిస్తే ఆ అందరిలో తను లేనని చూపించుకోవడానికి పరిగెత్తుకొస్తాడు. ఇన్నేళ్లూ ఆ సీసా మూత తియ్యలేదంతే.

ఆ మధ్యాహ్నం తీసింది.

"చదువుకున్న, నెమ్మదైన చిన్న కుటుంబానికి తగిన ఇల్లు."

ఏడో వాక్యానికి చోటు లేదు గనక ఒకటి కొట్టెయ్యాలి. హాలు తీసెయ్యడానికి లేదు. నీళ్లూ లిఫ్టూ బస్టాపూ అందరూ అడిగేవి. వరండా గురించి ఒక్కడూ అడగలేదు, బట్టలారేసుకునే చోటుకి ఒక వాక్యం ఎందుకులే అనుకుంది. వరండా కొట్టేసింది.

ఆ కార్డు గుమ్మం దగ్గర చదవాల్సింది చిన్నది. చదివింది. హాలు, పడకగదులు, నీళ్లు. తరవాత "చదువుకున్న" అని ఆగింది. గొంతు సవరించుకుంది. తలెత్తి టేపక్క వైపు చూసింది. టేపక్క చూపు తిప్పుకోలేదు. ఆపు, ఆపి చూడు అన్నట్టు చూసింది. ఆ అమ్మాయి కళ్లు దించుకుని, "నెమ్మదైన చిన్న కుటుంబానికి తగిన ఇల్లు" అని చదివేసి, మిగతాది గబగబా ముగించింది. కార్డు అద్దంలోకి వెళ్లింది.

మర్నాడు టేపక్క ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. కింద పెడితే మోగింది. చిన్నదాని ఫోను అప్పుడప్పుడు మోగుతూనే ఉంది గానీ ఇక్కడ తిరణాలే. టేపక్క ఏళ్ల తరబడి ఎరగనంత తియ్యగా "హలో" అంది.

ఒకాయనైతే, "మేం చాలా నెమ్మదస్తులం అండీ, మా ఇంట్లో గట్టిగా మాట కూడా వినపడదు" అని ఎంత గట్టిగా అరిచాడంటే, ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకోవాల్సి వచ్చింది. గుమాస్తా తన బల్ల దగ్గర్నుంచే, "ఆయన్ని రమ్మనండి, ఎంత నెమ్మదో చూద్దాం" అన్నాడు. ఇంకొకావిడ తన చదువులన్నీ వరసపెట్టి చెప్పి, ఎదురింటికి ఎవరొస్తున్నారని అడిగింది. "మావారికి మనుషులు పడరండీ" అంది. మరొకాయన గొంతు తగ్గించి, "అంటే అలాంటివాళ్లు రారన్నమాటే కదా" అన్నాడు. ఎలాంటివాళ్లని టేపక్క అడగలేదు. ఇదివరకైతే అడిగేది, అడిగి కడిగేసేది. ఇప్పుడు "మీరు ఎప్పుడొస్తారు?" అని మాత్రం అడిగింది. పక్క బల్ల వైపు ఓరకంట చూసింది. చిన్నది తలొంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. టేపక్కకి మంచినీళ్లు కూడా తియ్యగా అనిపించాయి.

ఫోన్లు చేసినవాళ్లు వచ్చారు, చూశారు, ఎవరూ తీసుకోలేదు. తమలాంటి గొప్పవాళ్లకి తగిన ఇల్లంటే ఏదో అనుకుని వచ్చారు మరి. ఒకరికి గుమ్మం రంగు నచ్చలేదు. ఒకరికి లిఫ్టులో ఇంకొకరు ఎక్కడం నచ్చలేదు. అరిచే నెమ్మదస్తుడికి వీధి చప్పుడు పడలేదు. చదువుల ఆవిడ మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ ఎదుటి తలుపు కేసే చూసి వెళ్లింది. టేపక్క మాత్రం లెక్క చేయలేదు. ఇందరు వస్తున్నారు, ఎవరో ఒకరు చిక్కకపోరు అనుకుంది.

ఒకరోజు పొద్దున్నే అలాగే ఎవరో వస్తామంటే తాళం తీసి గుమ్మంలో నిలబడింది. ఎదుటి తలుపు కూడా తెరిచే ఉంది. లోపల చిన్నది ఎవరికో చూపిస్తోంది. ముగ్గురు పిల్లలు మెట్ల మీద పందెం వేసుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒకడు ప్రతిసారీ చివరి మెట్టు మీద నుంచి దూకుతున్నాడు.

లోపల్నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తోంది. "వెలుతురు చక్కగా ఉందమ్మా, నువ్వు రాసినట్టే ఉంది. సూదిలో దారం ఇట్టే ఎక్కుతుంది. కానీ నా కత్తిరింపు బల్ల ఎక్కడ వేస్తాను? మిషన్లు రెండున్నాయి. వీళ్లని గోడకి తగిలించి పడుకోబెట్టమంటావా?"

"హాల్లో బల్ల వేస్తే..." అంది చిన్నది.

"వేస్తే మేం దానికింద పడుకోవాలి."

ఆవిడ బయటికొచ్చింది. మెడలో గుడ్డ టేపు, జాకెట్టుకి గుచ్చుకున్న గుండుసూదులు. ఇంటిదగ్గర బట్టలు కుట్టే మనిషని అడగక్కర్లేదు. మొహంలో అలసట కనిపిస్తోంది. ఆ వారంలో చూసిన ఎన్నో ఇల్లో అది.

టేపక్క మనసుకి ఒక్కసారిగా రెండు విషయాలు తగిలాయి. పదిహేనడుగుల వరండా. తోడికోడలి బేరం. రెండోది ముందు తగిలిందని చెప్పాలి. ఆమె మంచితనం కొద్దీ పిలిచిందనుకుంటే పొరపాటు. ఎదుటి గుమ్మంలోంచి పోతున్న మనిషిని తన గుమ్మంలోకి లాక్కోవాలని పిలిచింది.

"ఇటు రండి, ఇది కూడా చూడండి."

బట్టలు కుట్టే ఆవిడ గుమ్మం మీది నంబరు చూసి నవ్వింది. "అది మాకు కాదులెండి. ఆ కార్డు చదివాం. చదువుకున్న, నెమ్మదైన, చిన్న కుటుంబం అని ఉంది. నాకు పెద్ద చదువు లేదు, వీళ్లకి నెమ్మది లేదు, చిన్న కుటుంబం ఎలాగూ కాదు. మూడింటికి మూడూ తప్పాం." మెట్ల మీద పిల్లాడు దూకాడు. "చూశారుగా" అంది.

నిష్ఠూరం లేదు ఆ మాటలో. మూసి ఉన్న కొట్టు గురించి చెప్పినట్టు చెప్పింది. టేపక్క చెవుల దగ్గర వేడెక్కింది. ఎదుటి గుమ్మంలో చిన్నది నిలబడి వింటోంది, అదొకటి.

"కార్డు సంగతి వదిలెయ్యండి. ఒకసారి వంటగది వెనక్కి రండి" అంది టేపక్క.

ఆవిడ వరండాలోకి వచ్చింది. ఒక చివర నిలబడి రెండో చివర చూసింది. అద్దాల్లోంచి ఉత్తరపు వెలుగు, నీడలు పడని వెలుగు, నేలంతా ఒకేలా పరుచుకుని ఉంది.

"పొడవెంత?"

"పదిహేనడుగులు."

ఆవిడ నమ్మినట్టు తలూపి, అయినా మెడలో టేపు తీసి, వంగి, పిల్లాడిని రెండో కొస పట్టుకోమని, జరుపుకుంటూ జరుపుకుంటూ తనే కొలుచుకుంది. టేపక్కకి కోపం రాలేదు. ఇంకొకరెవరైనా అలా కొలిస్తే వచ్చేదేమో.

"పదిహేనే" అంది ఆవిడ లేచి. "కింద ఎవరుంటారు? మిషను చప్పుడంటారేమో."

"ఈ వరండా కిందది సామాను గది. మనుషులుండరు."

"మరి ఈ మాట కార్డు మీద రాయలేదేమండీ? నేను మీ ఆఫీసు అద్దం ముందునుంచి రోజూ పోతాను."

దానికి జవాబు ఎదుటి గుమ్మంలో నిలబడి ఉంది.

మర్నాడు ఆవిడ బయానా ఇవ్వడానికి ఆఫీసుకి వచ్చింది. కట్టినాయన కూడా ఉన్నాడు. మిషన్లు అనగానే నసిగాడు గానీ, కింద సామాను గదేనని టేపక్క చెప్పాక సరేనన్నాడు. పెద్దాయన కాగితాలు ముందుకి తోసి, కళ్లజోడు పైనుంచి చూశాడు.

"అయితే ఎడమ వాటా పోయింది" అన్నాడు.

"ముందు పోయింది" అంది టేపక్క. "మీరన్న మాట గుర్తుందనుకుంటాను."

"గుర్తుంది. ఏమ్మా, నువ్వు ఏ కార్డు చూసి వచ్చావు?" అని ఆయన బట్టలు కుట్టే ఆవిణ్ణి అడిగాడు.

"ఎండ కార్డండీ. రెండోది చూసైతే మెట్లు కూడా ఎక్కేవాళ్లం కాదు."

పెద్దాయన లేచి వెళ్లి, అద్దంలోంచి ఎడమ వాటా కార్డు తీసుకొచ్చి చదివాడు. పెదాలు కదుపుతూ నిదానంగా చదివాడు.

"ఈ నాలుగో వాక్యం ఎవరిది?"

"నాదే" అంది టేపక్క.

"వరండా ఏది?"

"తీసేశాను."

"ఎందుకు?"

ఎందుకో ఆ గదిలో అందరికీ తెలుసు, బయానా ఇవ్వడానికొచ్చినావిడకి తప్ప. గుమాస్తా కూడా తలొంచుకుని, లేని లెక్కేదో వేసుకున్నాడు. అప్పుడు చిన్నది నోరు తెరిచింది.

"ఇల్లు చూపించింది అక్కేనండీ. నేనైతే ఆవిణ్ణి పంపించేసేదాన్ని. వరండా సంగతి నాకు తట్టలేదు."

ఆ మాటకి టేపక్కకి ఒళ్లు మండిపోయింది. తిట్టినా బాగుండేది. శత్రువు కూడా కాని శత్రువుతో ఎన్నాళ్లని వేగుతుంది మనిషి.

పెద్దాయన కార్డుని రెండుగా చింపి బుట్టలో వేశాడు. "వాటా పోయింది మీది. మనిషిని తెచ్చింది ఆవిడ రాత. నేను పందెం పెట్టింది రాత మీద. బిల్డింగు ఆవిడ రాస్తుంది. తాళాల పని మీకు ఇవ్వను, మీ చేతికి అది నప్పదు. మీరు కొలవండి. మీరు కొలిచి చెప్పనిది ఒక్క మాట కూడా ఆవిడ రాయకూడదు, వినపడిందా ఇద్దరికీ?"

వినపడింది. టేపక్క తన బల్ల దగ్గరికి వెళ్లి, కలం సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో ఆమెకి కనిపిస్తూనే ఉంది.

సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే చిన్నది పైకొచ్చింది. మాట్లాడకుండా దుప్పటి రెండో కొస పట్టుకుంది. దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి గనక టేపక్క వద్దనలేదు.

"నువ్వెందుకు ఆపలేదు?" అంది మడత మధ్యలో.

"ఏమిటక్కా?"

"ఏమీ తెలియనట్టు మాట్లాడకు. గుమ్మం దగ్గర చదివావు. ఆ మాట దగ్గర ఆగావు. నేను చూశాను. అది తప్పని నీకు నేర్పిందే నేను. ఎందుకు ఆపలేదు?"

చిన్నది దుప్పటి కొస అందించి, తీగ మీద క్లిప్పులు తీయడం మొదలుపెట్టింది.

"ఆపితే నాకు కుళ్లనుకుంటారని భయమేసిందక్కా."

"నీకెందుకు కుళ్లు? ఫోన్లన్నీ నీకేగా వస్తుంటాయి."

"వస్తాయి. వచ్చినవాళ్లందరూ 'నిజమేనా' అని అడుగుతారు. ఎండ నిజమేనా, వాసన నిజమేనా అని. మీ కార్డు చూసి ఎవరైనా 'నిజంగా పద్నాలుగడుగులేనా' అని అడగడం నేను వినలేదు. ఒక్కసారి కూడా." క్లిప్పులు డబ్బాలో వేసింది. "కుళ్లు లేకపోవడమేమిటి, మొదట్నుంచీ ఉంది. పైగా ఆ మాట రాశాక ఫోన్లు కూడా మీకే మొదలయ్యాయి. ఆపకుండా ఎంత పని చేశాననుకున్నాను, ఆ ఇల్లు ఎవరూ తీసుకోకపోతే బాగుండుననీ అనుకున్నాను."

టేపక్క ఆ పిల్ల మొహంలోకి చూసింది. పెళ్లయి వచ్చిన రోజునుంచి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆ మొహంలో నిజంగానే కుళ్లుంది. కళ్ల కింద, పెదవి కొసన, తన మొహంలో అద్దం ముందు ఎక్కడెక్కడ కనిపిస్తుందో అక్కడే ఉంది. ఆమెకి ఎన్నాళ్లగానో పట్టేసిన మెడనరం వదిలినట్టయింది. ఎవరైనా తన మీద కుళ్లుకుంటే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి ఇదివరకు తెలియదు.

"ముందే చెప్పి చావచ్చుగా" అంది.

"మీరు ముందే అడిగి చావచ్చుగా" అంది చిన్నది. అని, తను అన్నదానికి తనే బెదిరిపోయింది.

కిందనుంచి అత్తగారు కేకేసింది. "ఇద్దరూ పైన కాపురం పెట్టారా ఏం? ఆ బట్టలు ఈ ఏడు దిగుతాయా?"

"దిగుతాయి అత్తయ్యా" అన్నారు ఇద్దరూ.

అంతమాత్రాన టేపక్క మారిపోయిందనుకోవద్దు. మర్నాడు పొద్దున కొత్త కార్డుల కట్ట చిన్నదాని చేతిలో చూసేసరికి కడుపులో మళ్లీ అదే మంట రేగింది. నిన్నటికన్నా కాస్త తక్కువేమో. తక్కువేనని ఆమె ఒప్పుకోలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు గానీ ఆమె కిటికీ సీటు ఇవ్వలేదు.

బిల్డింగు దగ్గర మూడో అంతస్తు మెట్ల మలుపులో బట్టలు కుట్టే ఆవిడ పిల్లలు అప్పుడే ఒక మిషను బల్లని నలుగురు కూలీలకి అడ్డం పడుతూ మోయిస్తున్నారు. తోడికోడళ్లిద్దరూ గోడకి ఒదిగి దారిచ్చి, నాలుగో అంతస్తుకి ఎక్కారు. ఎడమ వాటా తాళం తీశారు. హాలు ఖాళీగా, సున్నం వాసనతో ఉంది. చిన్నది కిటికీ దగ్గరికి పోయి, రెక్క తెరిచి, వెలుతురు ఎటు పడుతోందో చూసి, కార్డు మీద ఏదో రాయబోయింది.

"ఆగు" అంది టేపక్క. "నేను చెప్పందే రాయకూడదన్నారు."

చిన్నది కలం ఎత్తేసింది.

టేపక్క టేపు లాగి, కొస గోడకి ఆనించి, వంగి చూసింది. నమ్మకం చాలక మళ్లీ కొలిచింది. మూడో అంతస్తు హాలుకి ఇది అచ్చంగా పైనే ఉంది, అయినా మేస్త్రీ ఇక్కడ గోడ కాస్త లావు కట్టాడు. తొందరపడే మనిషైతే కింది కొలతే పైకీ రాసేసేది.

"చెప్పండక్కా."

"పదమూడడుగుల తొమ్మిదంగుళాలు" అంది టేపక్క.